బొట్టు రంగు మారిన బ్యాటరీ

ఆ వార్త ముందుగా నా చెవిన వేసింది మా కాలనీలో పాలు పోసే అవ్వ. మా ఆయన గని దగ్గర బండ్ల స్టాండులో నిలబడి, వచ్చేపోయే వాళ్లను "ఒక్క కిక్ కొట్టరాదే అన్నా" అని అడుక్కుంటున్నాడని చెప్పింది. గిన్నెలోకి పాలు వంచుతూనే, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పింది.

"మొగోళ్లు నవ్వుతున్నరు బిడ్డా. ఒగడైతే, నీ లెక్కనే నీ బండి గూడ లైట్ డ్యూటీకి వచ్చిందా అని అడిగిండట. జర నువ్వే చూసుకో."

నాకు తెలియదు. ఆయన చెప్పలేదు. మా క్వార్టరు ముందు వీధి కొంచెం వాలుగా ఉంటుంది. పొద్దున బండిని ఆ వాలులో జారవిడిచి గేరు వేస్తే అదే అందుకునేది. నేను గడపలో నిలబడి అది చూసి, తండ్రీ, నీ దయ వల్ల బండి నడుస్తోంది అని దండం పెట్టుకుని లోపలికి వెళ్లేదాన్ని. గని దగ్గర నేల చదునుగా ఉంటుందని, అక్కడ జారవిడవడానికి వాలు లేదని నాకు తట్టనే లేదు.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మాట ఇది. మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. అంతకు ముందు ఏడాది గని లోపల బొగ్గు మోసే టబ్బు ఒకటి పట్టాలు తప్పి మా ఆయన మీదికి వచ్చింది. ప్రాణం దక్కింది, కాలు దక్కింది, కుడి మోకాలు మాత్రం వంగకుండా పోయింది. ఇక లోపలికి దిగే పని లేదని పైన ల్యాంపు రూములో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే లైటు, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ అక్కడే ఇస్తారు. షిఫ్టు దిగి పైకి వచ్చాక అక్కడే తీసుకుని చార్జింగుకు పెడతారు. ఎవరి నంబరు వాళ్లదే. మోకాలు వంగని మనిషి కిక్ కొట్టలేడు కాబట్టి బటన్ నొక్కితే లేచే బండి కొన్నాం. బటన్‌కు ప్రాణం బ్యాటరీ. ఆ బ్యాటరీ చచ్చిపోయింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? కిక్ కొట్ట చాతకాని మొగోణ్నని చెప్పాలెనా?"

"రోజూ అందరినీ అడుగుతున్నవా?"

"పొడుగు కాక ఉంటే అడిగే పని లేదు. ఆయన రాని దినమే కష్టం."

పొడుగు కాక అంటే లోపల బొగ్గు ఎత్తే మనిషి. మనిషి ఎత్తరి కాబట్టి చిన్నాపెద్దా అందరూ అలాగే పిలిచేవారు. షిఫ్టు దిగి, ముఖం మీద మసి కూడా కడుక్కోకుండా స్టాండు దాకా వచ్చి, ఒక్క దెబ్బకు బండి లేపి, మాట మాట్లాడకుండా వెళ్లిపోయేవాడట. అడగకుండానే. మా ఆయన అది చెబుతున్నప్పుడు కంచంలోకే చూస్తున్నాడు. దెబ్బ తగిలిన రోజు కూడా ఆయన అంత చిన్నబోయి నాకు కనిపించలేదు. ఎవరి కాలూ అడుక్కోకుండా ఈ మనిషి డ్యూటీకి పోయి రావాలి, నాకు అంతకు మించి ఏమీ వద్దు అనుకున్నాను.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాన్న పాత క్యాలెండరు కాగితాల వెనుక అక్షరాలు దిద్దించాడు. చదువుతో పాటు ఆయన నుంచి వచ్చిన అలవాటు, ఏది దక్కినా ముందు దండం పెట్టడం. ఇంకో అలవాటు ఈ ఊరు నేర్పింది. పొద్దున షిఫ్టు కూత వినగానే దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆయన పైకి వచ్చే వేళ దాకా వత్తి ఎగదోస్తూ ఉండేదాన్ని. ఆయన ల్యాంపు రూముకు మారాక కూడా మానలేదు. దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు కదా.

ఆదివారం ఇద్దరం బజారుకు వెళ్లాం, వాలు పుణ్యాన బండి మీదే. బ్యాటరీలమ్మే కొట్టు ముందు నేల తెల్లగా పొక్కిపోయి ఉంది. లోపల అడుగు పెడితే ముక్కు పగిలే పుల్లటి వాసన. కొట్టతను నోట్లో గుట్కాతో కూర్చున్నాడు. మా పాత బ్యాటరీ మూత తీసి అందులోకి వేలు ముంచాడు, తీసి ప్యాంటుకు రాసుకున్నాడు, అదే వేలితో పళ్ల సందు గెలుక్కున్నాడు.

"ఇది ఖతం అన్నా. కొత్తది ఏసుకో. మొన్ననే దిగింది మాల్."

అతను ముందు పెట్టిన బ్యాటరీ నల్లగా నిగనిగలాడుతోంది. నేను చేతిలోకి తీసుకుంటే వేళ్లకు నలుపు అంటింది.

"తడి తడి ఉన్నదేంది?" అన్నాను.

"కొత్తది గద వదినా, గట్లనే ఉంటది," అని నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు, "మన వదిన బ్యాటరీలు గూడ వంకాయల్లెక్క ఒత్తి చూస్తది."

ఇద్దరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు కాబట్టి నేను ఊరుకున్నాను. ఇంటికి వచ్చి కొబ్బరికాయ కొట్టాను. సబ్బుతో తోమినా వేళ్ల నలుపు మూడు రోజులు పోలేదు.

ఎనిమిదో రోజు బటన్ నొక్కితే బండి గురక పెట్టి ఊరుకుంది. విప్పి చూస్తే పైన అంటించిన కాగితం ఒక మూల లేచి, దాని కింద మరో కాగితం, ఏదో పాత పేరుతో. చచ్చిన పెట్టెకు రంగు పూసి అమ్మాడు. తిరిగి తీసుకెళితే గుట్కా ఉమ్మి వచ్చి, "మీ బండిలనే దోషం ఉన్నది," అన్నాడు.

"కొత్తదని చెప్పి పాతది అంటగడతవా?" అన్నాను.

"కొబ్బరికాయ కొట్టినవా వదినా?"

"కొట్టిన."

"మరి గ్యారంటీ దేవుణ్ని అడుగు. నన్నడుగుతవేంది?"

పక్క కొట్ల వాళ్లు పగలబడి నవ్వారు. దారంతా నాకు ఆ వేలు, ఆ ప్యాంటు, ఆ పళ్లు కళ్ల ముందు నుంచి పోలేదు. మోసపోయినందుకు కోపం రావాలి. నాకు మాత్రం ఒళ్లంతా ఏదో పూసినట్టు రోత పుట్టింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ల్యాంపు రూములో మా ఆయనతో పనిచేసే అతను వచ్చాడు. నాకు మరిది వరుస. చేతిలో బియ్యం సంచి, అందులో బరువైన నల్ల పెట్టె.

"బజారోళ్లను నమ్ముకుంటే బండే గాదు వదినా, సంసారమే ఆగిపోతది. ఇది మన ల్యాంపు రూమోళ్ల చేతి పని. సూడు తమాష."

బండి పక్కన తాళం వేసుకునే ఇనుప డబ్బాలో దాన్ని ఇరికించి, రెండు తీగలు కలిపి, మా ఆయనను నొక్కమన్నాడు. వేలు ఆనిందో లేదో బండి లేచింది. ఆపి మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది. ఆయన చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు ఆపుతూ లేపుతూ నవ్వాడు. ఏడాదిలో ఆ నవ్వు అదే మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మరిదికి అట్లు పోసి పెట్టాను.

"ఎక్కడిది మరిదీ ఇది?"

"పక్కకు పారేసినయి వదినా. పనికిరానివి. జోడిస్తే పనికొచ్చినయి."

ఆ జవాబు నాకు సరిపోయింది. అక్కడే నా తప్పు. మా ఊళ్లో గని నుంచి వచ్చినదాన్ని ఎక్కడిదని రెండోసారి అడగరు. మా పొయ్యిలో బొగ్గు, పెరటి దడికి కట్టిన తీగ, బట్టలారేసే గొట్టం, అన్నీ గని నుంచి నడిచి వచ్చినవే. కంపెనీ పెద్ద తల్లి, పిల్లలు తలా ఇంత గిల్లుకుంటారు అనుకునేవాళ్లం. నేనూ అలాగే అనుకున్నాను. దేవుడే మరిది రూపంలో వచ్చాడని ఆ రోజు దీపంలో నూనె ఎక్కువ పోశాను.

దసరా వచ్చింది. పొద్దున్నే బండి కడిగి, నిమ్మకాయలు తొక్కించి, పసుపు రాసి బొట్లు పెట్టాను. మా ఇంట్లో కుంకుమ నేనే చేస్తాను, పసుపులో సున్నపు తేట కలిపి. బండికి ముందు ఒకటి, వెనుక ఒకటి, చివరికి డబ్బా తెరిచి ఆ నల్ల పెట్టెకు ఒకటి. దానికి ప్రత్యేకంగా హారతి కూడా ఇచ్చాను, మా ఆయన పరువు నిలబెట్టిందని.

దసరా మరునాడు గనిలో సగం మంది ఉండరు. మా ఆయన కూడా నాగా పెట్టి నిద్రపోతున్నాడు. నిమ్మకాయ తొక్కలు ఊడుస్తూ ఎందుకో డబ్బా తెరిచాను. పెట్టెకు పెట్టిన బొట్టు ఎర్రగా లేదు. పసుపుపచ్చగా అయిపోయింది. ఏదో అపచారం జరిగిందనుకున్నాను. తర్వాత ఆ వాసన తగిలింది, కుళ్లిన గుడ్డు వాసన. యాసిడ్ కారుతోంది. సున్నం విరిగి కుంకుమ మళ్లీ పసుపైంది, అంతే. తుడుద్దామని కొంగుతో రుద్దితే నల్లరంగు పొరలు పొరలుగా ఊడివచ్చింది.

కింద ఉన్నది ఒక పెట్టె కాదు, మూడు. పక్కపక్కన పేర్చి కట్టినవి. ఒక్కో దాని వెనుక బెల్టు దూర్చే ఇనుప కొక్కెం. పద్నాలుగేళ్లు ఆ పెట్టె నడుముకు కట్టుకుని గనిలోకి దిగిన మనిషి ప్యాంట్లు ఉతికినదాన్ని నేను. యాసిడ్ కారి నడుము దగ్గర పడే చిల్లులకు అతుకులు వేసినదాన్ని. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నంబరు ఉండాల్సిన చోట మూడింటి మీదా గాజు పెంకుతో గీకేశారు.

ఆయన్ని లేపాను.

"ఇవి టోపీ లైట్లయి గాదా?"

"పనికిరానివని చెప్పిండు గదా వాడు."

"పనికిరానిది బండినెట్ల లేపుతది?"

ఆయన లేచి కూర్చుని, వీధి వాలు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మంచివి ఇటు తెస్తే, ఆ నంబర్ల జాగల ఏం పెట్టిండ్రు?"

"పాతవి."

"నీకు తెలుసు."

"తెలుసు." కుడి మోకాలు రుద్దుకుంటూ అన్నాడు, "దినాం ఒగని కాలు పట్టుకునుడు ఎట్లుంటదో నీకేం తెలుసు?"

ఈ చేతులతోనే కదా హారతి పట్టాను. ముగ్గురు మనుషుల నడుము నుంచి వెలుతురు కోసుకొచ్చి, పైన రంగు పూస్తే, నేను దానికి బొట్టు పెట్టి దేవుడి కానుక అన్నాను. బజారులో రంగు పూసి అమ్మినవాడిని అసహ్యించుకుంటూ వచ్చాను. ఇక్కడా రంగే పూశారు, కాకపోతే ఈసారి రంగు మా కోసం పూశారు. చేతులు చింతపండుతో తోముకున్నా, బూడిదతో తోముకున్నా ఆ గుడ్డు వాసన పోయినట్టు అనిపించలేదు. ఆయన పక్కన కూర్చోవాలన్నా ఏవగింపు. అంతకంటే నా దండాల మీద నాకు ఏవగింపు.

"రేపు పోయి వాపస్ పెట్టు," అన్నాను.

"రేపు కాదు, ఎల్లుండి చూద్దాం," అన్నాడు.

ఎల్లుండి దాకా పోలేదు. ఆ రోజే మూడు గంటల కూత అయ్యాక అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి పాలచెంబు లేదు.

"పొడుగు కాక దవాఖానల ఉన్నడు బిడ్డా. లోపల లైటు గుడ్డిదైందట."

ఇద్దరం దవాఖానకు వెళ్లాం. కాక మంచం మీద పట్టక కాళ్లు బయటికి చాపుకుని ఉన్నాడు. నుదుటి మీద కుట్లు, కుడి మణికట్టుకు కట్టు. మమ్మల్ని చూసి సంబరపడిపోయాడు.

"లైటు ముందుగాల ఎర్రగైంది బిడ్డా, ఎన్క మిణుగురు పురుగోలె అయింది, ఎన్క అదీ లేదు. లైటు పోతే ఉన్న జాగలనే కూసోవాలె గదా. కూసున్న. రాయితోని పట్టాను కొట్టుకుంట కూసున్న. దసరా మరునాడు, వినేటోడు ఎవడున్నడు? దూప అయింది, నోరెండింది. ఎంతసేపని కూసుంట? గోడ పట్టుకోని నడిసిన. నా ఎత్తు నాకు దుష్మన్, పైన దూలానికి తల కొట్టుకోని పడ్డ."

మా ఆయన మంచం ఇనుప పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. కాక ఆయన వైపు తిరిగాడు.

"నీ బండి బటన్‌తోనే లేస్తదట గద తమ్మీ? నాకు మస్తు ఖుష్ అయింది. మళ్ల మొరాయిస్తే ఫికర్ చెయ్యకు. చెయ్యి విరిగింది గని, కిక్ కొట్టే కాలు మంచిగున్నది."

అని తనే గట్టిగా నవ్వాడు. నేను తెచ్చిన పాలు గ్లాసులోకి వంచి ఇచ్చాను. చెప్పాలనే వెళ్లాను. చెప్పలేకపోయాను.

ఆ నంబర్లలో కాకది ఉందో లేదో ఈనాటికీ తెలియదు. గీకిన గీతల కింద ఏ అంకె ఉందో దేవుడికే తెలియాలి. మా ఆయన లేదనే అంటాడు. కానీ దవాఖాన నుంచి రాగానే, నేను ఏమీ అనకముందే, ఆ మూడింటినీ విప్పి అదే బియ్యం సంచిలో వేసుకుని, కుంటుకుంటూ నడిచే గనికి వెళ్లాడు. ల్యాంపు రూము పెద్దసారు బల్ల మీద సంచి పెట్టి, మరిది పేరుతో పాటు తన పేరూ చెప్పాడట. ఇద్దరికీ సంజాయిషీ అడుగుతూ కాగితాలు వచ్చాయి, కొన్నాళ్లు పని ఆగింది. తర్వాత మా ఆయన్ని గేటు దగ్గర వేశారు. మరిది మా ఇంటి ముందు నిలబడి వీధంతా వినేలా అరిచాడు.

"గింత ధర్మం ఉన్నదానివి, పొయ్యిల బొగ్గు గూడ వాపస్ ఇయ్యి వదినా!"

రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మూడో రోజు వెలిగించాను. వెలిగించినందుకు నా మీద నాకు మళ్లీ అసహ్యం వేసింది. కాలనీలో ఆడవాళ్లు కొన్నాళ్లు నాతో నీళ్ల దగ్గర మాట్లాడలేదు. ఆ రోజు తుడిచిన కొంగు ఉతికితే జల్లెడలా చిల్లులు పడింది.

వెంటనే కొత్త బ్యాటరీ కొందామంటే ఆయనే వద్దన్నాడు. "కొన్ని దినాలు అడుక్కోనీ. నాకు గదే మంచిది," అన్నాడు. మళ్లీ స్టాండు దగ్గర నిలబడడం, మళ్లీ నవ్వులు. సెలవు కాగితం మీద సంతకానికి గనికి వచ్చిన రోజు పొడుగు కాక, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతుండగానే స్టాండు దాకా వచ్చి, కిక్ కొట్టి పోయాడట. మా ఆయన ఇంటికి వచ్చి బండి ఆపి, దిగకుండా చాలాసేపు దాని మీదే కూర్చున్నాడు.

ఆ తర్వాతి వారం బ్యాటరీకి నేనే వెళ్లాను, ఒంటరిగా, మరో కొట్టుకు. వంకాయలు ఒత్తి చూసినట్టే చూశాను. తడి రంగు ఉందేమో వేలితో రుద్దాను. కాగితం మూల గోటితో లేపాను, కింద మరోటి లేదు. తీగలు బిగించే సీసం కొమ్ములు గీతలు పడకుండా మెరుస్తున్నాయో లేదో చూశాను. యాసిడ్ నా ఎదురుగా పోయమన్నాను, పోసేదాకా స్టూలు మీద కూర్చున్నాను. పూర్తిగా చార్జింగు ఎక్కనిదే ఇవ్వవద్దని, రేపు వస్తానని చెప్పాను. "పెద్ద ఇంజినీరమ్మవే," అని కొట్టతను విసుక్కున్నాడు. మరునాడు తెచ్చి బిగిస్తే బండి లేచింది. మా ఆయన నవ్వలేదు. నేను కొబ్బరికాయ కొట్టలేదు. దండం పెట్టబోయి, ఇది ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో ముందు ఒకసారి మనసులో చూసుకుని, అప్పుడు పెట్టాను. ఇప్పటికీ నా దండం అలాగే కొంచెం ఆలస్యమవుతుంది.

పొడుగు కాక రిటైరై పెద్దపల్లి అవతల తన పల్లెకు వెళ్లిపోయాడు. తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలంలో పోయాడని అవ్వే చెప్పింది. ఆయన చీకట్లో రాయితో పట్టాను కొడుతూ కూర్చున్న వేళ, మూడు టోపీ లైట్ల బ్యాటరీలు మా ఇంటి ముందు బండి డబ్బాలో ఉన్నాయని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. నేను చెప్పలేదు. ఇది చదివే మీకు చెబుతున్నాను.

మీ బండి పొద్దున బటన్ నొక్కగానే లేస్తే సంతోషం. ఎప్పుడైనా లేవక, దారిన పోయే మనిషి ఎవరో ఆగి, అడగకుండానే ఒక కిక్ కొట్టి వెళ్లిపోతే, ఆ క్షణం మా పొడుగు కాకను ఒకసారి తలుచుకోండి.